అమ్మ మెచ్చిన పాకం

ఆ ఇంటి వంటగదిలో ఏ డబ్బాకీ చీటీ ఉండదు. తల్లి ముప్పై ఏళ్ళుగా జామ్ ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం చేస్తోంది. నాలుకంటూ ఉన్నవాళ్ళకి చీటీలెందుకని ఆవిడ వాదన. ఉప్పో పంచదారో తెలియాలంటే వేలికి అద్దుకుని చూడాల్సిందే. వండినవాళ్ళు మాత్రం ఆవిడకంటే ముందు రుచి చూడకూడదు. కూతురికి చిన్నప్పటి నుంచీ ఆ నాలుకంటే హడలు. ఏం చేసిపెట్టినా తల్లి ఒక్క చెంచా నోట్లో వేసుకుని, "ఊఁ" అని గిన్నె పక్కకు జరిపేది. మెచ్చుకోవడానికి ఆ మహాతల్లికి నోరు పెగిలేది కాదు.

అలాంటి మనిషి నాలుగు నెలల కిందట కూతురు కాచిన ద్రాక్ష పాకం చప్పరించి, "నాకంటే బాగా చేశావే" అంది. ఆ రోజు కూతురి కాళ్ళు నేల మీద నిలవలేదు. అప్పటి నుంచీ ప్రతి ఆదివారమూ మెచ్చుకోలే. ఆ మాట పట్టుకునే బ్యాంకు ఉద్యోగం మానేసి, వీధి చివర గది అద్దెకు తీసుకుని, పొద్దుటి ఫలహారాల కొట్టు పెడుతోంది. తెరిచేది రేపే.

ఈ ఉదయం నల్లద్రాక్ష ఉడికించి, రసం వడగట్టి పొయ్యి మీద పెట్టింది. నిన్న తల్లి నింపిపెట్టిన పంచదార డబ్బా తీసి, హడావుడిలో వేలు కూడా అద్దకుండా వంచేసింది. పాకం ఎంతకీ తీగ సాగకపోతే పళ్ళదే దోషమనుకుంది.

తల్లి చెంచాతో తీసుకుని, ఊదుకుని, తీరిగ్గా చప్పరించింది. "బ్రహ్మాండం. తీపి సరిగ్గా కుదిరింది."

తండ్రి పాన్‌కేకు మీద ధారాళంగా పోసుకుని ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మరుక్షణం సింకు దగ్గరకి పరుగు తీశాడు. కూతురు వేలు ముంచి నాకింది. ఉప్పు కషాయం. తల్లి వేళాకోళం ఆడుతోందేమో అనుకుందామంటే, ఆవిడ జన్మలో ఆడి ఎరగదు. పైగా రెండో చెంచా కూడా నోట్లో పెట్టుకుంటోంది. 

"అమ్మా, ఎప్పటి నుంచి?"

తల్లి సింకు దగ్గర దగ్గుతున్న భర్తను చూసింది, డబ్బా వైపు చూసింది, చెంచా కింద పెట్టేసింది. నాలుగు నెలల కిందట జ్వరం వచ్చి తగ్గిన దగ్గర నుంచీ నాలుకకు ఏమీ తెలియడం లేదట. ఫ్యాక్టరీలో రంగు చూసి, పక్కవాళ్ళ మొహాలు చూసి నెట్టుకొస్తోందట. నిన్న కూడా అలవాటుగా నాలుకకు అద్దుకుని, తెల్లగా ఉందని పంచదారేలే అనుకుని ఆ డబ్బాలో ఉప్పు నింపిందట.

నాలుగు నెలలు. మెచ్చుకోళ్ళు మొదలైందీ అప్పుడే. కూతురికి కోపం తన్నుకొచ్చింది.

"మరి బాగుందని ఎందుకన్నావు? నేను ఉద్యోగం మానేశానమ్మా."

తల్లి ముందున్న గిన్నె పక్కకు జరిపింది.

"ఆ రోజు చెంచా నోట్లో పెట్టుకుంటే ఏమీ తెలియలేదే. ఏం చెప్పాలో తోచక నీ మొహంలోకి చూశాను. ఇన్నేళ్ళూ ఎప్పుడూ చూడలేదు. ఒక్క మాట కోసం అంత ఆశగా నిలబడతావని అప్పుడే తెలిసింది."

కూతురు పాకం గిన్నె వైపు చూసింది.

"అయితే నా పాకం ఎలా ఉంటుందో నీకు తెలీదన్నమాట."

"తెలీదు" అంది తల్లి. "పోయిన రుచి ఇక రాదన్నాడు డాక్టరు. ఎప్పటికీ తెలీదే."