డెబియన్ మీద పడ్డ నింద

సస్కటూన్ చుట్టుపక్కల బెర్రీ తోటలకి వాతావరణ సూచనలు పంపే కంపెనీలో ధరణిది కాంట్రాక్టు ఉద్యోగం. సర్వర్లలోని పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కి కాలం చెల్లింది. కొత్తది ఏది వేయాలో తేల్చమంటే, ఊరికే దొరికే డెబియన్ చాలు అంది ధరణి. ఎక్కడో దూరాన తూర్పున, నార్త్ యార్క్‌లో ఇంట్లో కూర్చుని పెత్తనం చేసే మేనేజర్ భరద్వాజ్‌కి ఊరికే వచ్చేదేదీ కంటికి ఆనదు.

"సరే, ఒక సర్వర్లో నేనే వేసిస్తా. పాతదాని పక్కన నడుపు. నెగ్గితే నీ కాంట్రాక్ట్ ఎక్స్‌టెండ్ చేద్దాం" అన్నాడు.

మే నెల. తోటలు పూత మీదున్నాయి. పూతకి మంచు పట్టిందంటే ఆ ఏటి కాపు గోవిందా. వేళ ముందే తెలిస్తే రైతులు స్ప్రింక్లర్లతో తడిపి కాపాడుకుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి మంచు అంది పాత సర్వర్. ఐదింటికి అంది డెబియన్. నాలుగింటికే పట్టింది. రైతులకి వెళ్ళింది పాతదాని కబురు కాబట్టి పూత దక్కింది.

పొద్దున వీడియో కాల్‌లో భరద్వాజ్ మొహం వెలిగిపోతోంది.

"చూశావా ధరణీ? ఫ్రీగా వచ్చేది అలాగే ఏడుస్తుంది. డబ్బు పెట్టి కొందాం, క్లోజ్ చెయ్."

ధరణి అప్పటికే రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది. చలి లెక్కలో పిసరు తేడా లేదు. తేడా అల్లా గంటే. డెబియన్ సర్వర్లో గడియారం చూస్తే పక్క రాష్ట్రంలో ఉన్న విన్నిపెగ్‌ది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. కాంట్రాక్టు ఆయన చేతిలో ఉంది మరి.

"భరద్వాజ్ గారూ, మీకిప్పుడు పదకొండు కదా. నాకిక్కడ టైమెంతో చెప్పండి."

"పది."

"తొమ్మిదండీ. వేసవి వస్తోందని మార్చిలో మీ వైపు గడియారాలు గంట ముందుకి జరిపారు. విన్నిపెగ్ వాళ్ళూ జరిపారు. మా సస్కటూన్‌లో ఏడాది పొడుగునా ముట్టుకోరు. సర్వర్లో విన్నిపెగ్ టైమ్ ఉంది."

భరద్వాజ్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"సెట్ చేసేటప్పుడు సెంట్రల్ టైమ్ అంటే మీకూ విన్నిపెగ్‌కీ అంతా ఒకటేననుకున్నానమ్మా."

"అందరూ అనుకునేదే లెండి" అంటూనే ధరణి గడియారం మార్చి మళ్ళీ లెక్క నడిపింది. రెండు సర్వర్లూ నాలుగే అన్నాయి.

"సరే, డెబియనే వేద్దాం" అన్నాడు భరద్వాజ్. "మిగతా సర్వర్లన్నీ నువ్వే చూసుకో."

"అవి అయ్యేసరికి నా కాంట్రాక్ట్ అయిపోతుందండీ."

"ఎక్స్‌టెన్షన్ ఇవాళే పంపిస్తాలే. నువ్వు లేకపోతే ఎవరు వేస్తారు, నేనా?"

ధరణి మిగతా సర్వర్ల జాబితా తెరిచి, అన్నిటికన్నా పైన 'గడియారం: సస్కటూన్' అని రాసుకుంది.