హారతి పళ్ళెం బయటే

“గోడలు తడపకుండా ఆఫీసుకి వెళ్ళకు,” అన్నాడు మా ఆయన భానుమూర్తి, పేపర్లోంచి తలెత్తకుండా. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుంటూ ఎల్బీ నగర్‌లో ఇల్లు కట్టుకుంటున్నాం. కొత్త గోడలకి రెండు పూటలా నీళ్ళు కొట్టకపోతే పగుళ్ళిస్తాయి. ఆ పని నా వాటాకి ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తురాదు. క్యారియర్లు సర్ది, నీళ్ళ పైపు భుజాన వేసుకుని బస్సెక్కేదాన్ని. అక్కడే వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని దాన్ని ఇంటికీ ప్లాటుకీ మోసేది నేనే. పక్క ప్లాటు కాపలా లచ్చమ్మ రోజూ ఒకటే మాట. “గంత పెద్ద ఆఫీసరమ్మవు, నువ్వే నీళ్ళు కొడ్తవేంది? మీ సారు ఎట్లుంటడో ఒక్కపారన్న సూడాలె నేను.”

ఆఫీసులో ప్రభుత్వోద్యోగుల జీతాల లెక్కలన్నీ కంప్యూటర్‌కి ఎక్కించే విభాగానికి నేనే అధికారిని. మగవాళ్ళెవరూ ఒప్పుకోకపోతే నాకిచ్చారు. పని ఒక కొలిక్కి వచ్చాక అందరికీ దానిమీద ప్రేమ పుట్టింది. ఆ మెషిన్‌కి దుమ్ము పడదు, పొగ అసలే పడదు. చెప్పులు బయటే విడవాలని, అగరుబత్తి కూడా వెలిగించకూడదని గది బయట బోర్డు పెట్టించాను.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారనగానే డైరెక్టరుగారు నన్ను పిలిచారు. “మెషిన్ గురించి మల్లికార్జునరావు చెబుతాడు మేడమ్. మీరు పట్టుచీర కట్టుకుని హారతివ్వండి. ముత్తయిదువ చేతిమీదుగా జరిగితే శుభం.” నా కింద పనిచేసే మల్లికార్జునరావుకి ఆ పని నేర్పింది నేను. ఇంట్లో చెబితే, “మంచిదేగా, గౌరవమిచ్చారు,” అన్నాడు భానుమూర్తి. ఒళ్ళు మండిపోయింది. మండుతూనే పట్టుచీర ఇస్త్రీ చేసుకున్నాను.

ఆ రోజు గది గుమ్మం దగ్గర మంత్రిగారికి బొట్టుపెట్టి హారతిచ్చాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను. “మెషిన్‌కి కూడా ఇచ్చెయ్యండి మేడమ్,” అంటూ డైరెక్టరుగారు తలుపు తీశారు. పళ్ళెంలో కర్పూరం నల్లటి పొగ చిమ్ముతోంది. లోపల జీతాల లెక్కలున్న డిస్కులు తిరుగుతున్నాయి. ఆ పొగ తగిలితే పాడైపోతాయి, ఇన్నేళ్ళ నా పనీ పోతుంది. ఆ సంగతి మల్లికార్జునరావుకీ తెలుసు. అతను నేలచూపులు చూశాడు. హారతి ఆర్పేద్దామంటే అపశకునం.

పళ్ళెం డైరెక్టరుగారి చేతుల్లో పెట్టాను.

“మంట లోపలికి రాకూడదు సార్. కొండెక్కేదాకా మీరిక్కడే పట్టుకుని ఉండండి. మంత్రిగారికి మెషిన్ నేను చూపిస్తాను.”

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. మంత్రిగారూ విడిచి నా వెనకే వచ్చారు. ఏది నొక్కితే ఏమవుతుందో చెప్పాను. ప్రింటరు గోలగోలగా మొదటి జీతాల కాగితం బయటికి తోసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భానుమూర్తి కుర్చీలోనే ఉన్నాడు. “ఇంత ఆలస్యమైతే ఎలా? గోడలింకా తడపలేదు,” అన్నాడు.

మూలనున్న పైపు చుట్ట తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

“చీకటి పడకముందే వెళ్ళిరండి. లచ్చమ్మ మిమ్మల్ని చూడాలంటోంది.”