పెట్టె తెరవరాదు

మూడో మర ఊడి రూతు అరచేతిలో పడింది. నాలుగోది మొండిది. కూరగాయల కత్తి మొనను గాడిలో ఆనించి, పళ్లు బిగించి ఎడమకు తిప్పింది. కంప్యూటర్ పెట్టె పక్క రేకు కిర్రుమంటూ జారింది. లోపలంతా నలుపే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు. అన్నాళ్లూ భూపాలపల్లి గనిలో లారీలు తూచే కాటా గదికి తాళమే. కిటికీ సందుల్లోంచి వచ్చిన బొగ్గు పొడి బల్ల మీద, కీబోర్డు మీద, గోడకున్న క్యాలెండర్ మీద మెత్తగా పరుచుకుంది. రూతు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెట్టెలోకి ఊదింది. సంచిలో చెయ్యి పెట్టి అరిగిన రబ్బరు ముక్కను తీసి బల్ల మీద పెట్టింది. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు. కూతురు అనితది.

పెట్టె లోపల వేలెడు పొడవున్న ఆకుపచ్చ పలకలు రెండుంటాయి. ర్యామ్ అంటారు. వాటి అంచున బంగారు రంగు గీతలు. ఆ గీతల మీద కంటికి కనబడని బొగ్గు పొర పేరుకుంటే రెండో పలకను కంప్యూటర్ గుర్తుపట్టదు. సగం బలంతో నడుస్తుంది. తొమ్మిదో పదో లారీలు తూచేసరికి మెమరీ చాలదంటూ ఆగిపోతుంది. పలకలు ఊడదీసి గీతలను రబ్బరుతో రుద్దాలి. రోజూ రుద్దాలి. నాలుగేళ్లుగా రూతు పొద్దున్నే చేసే మొదటి పని ఇదే.

ఎవరూ నేర్పలేదు. చేరిన కొత్తలో ఒకనాడు మిషన్ ఆగింది. బయట లారీల హారన్లు, డ్రైవర్ల బూతులు. ఆఫీసులో ఫోన్ ఎత్తే దిక్కు లేదు. జనగామలో హాస్టల్‌లో ఉండి కంప్యూటర్ కోర్సు చదివింది కదా అని ధైర్యం చేసి పెట్టె విప్పింది. చేతికి దొరికింది సంచిలోని రబ్బరు. రుద్దింది. మిషన్ లేచింది.

ఇవాళ మొదటి పలక మీద వేలు వేసిందో లేదో జీపు ఆగిన చప్పుడైంది.

"మళ్లీ విప్పావా?" గుమ్మంలో సూపరింటెండెంట్ రంగనాథం. కాటా గది మీద అధికారి ఆయనే. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఏదన్నా చెడిపోతే ఎవడు జవాబు చెప్తాడు?"

"సార్, జర రెండు నిమిషాలు. గిది గనుక..."

"మూసెయ్ అన్నానా! హైదరాబాద్ నుంచి ఇంజినీర్ వస్తున్నాడు. చూడాల్సింది ఉంటే ఆయన చూస్తాడు. నువ్వు చీటీ కొట్టు, చాలు."

రూతు ఆయన వంక చూసింది. రేకు ఎక్కించింది. నాలుగు మరలూ బిగించింది. ఆ రేకు మీదే ఒక కాగితం అంటించి ఉంది. 'అధికారుల అనుమతి లేనిదే ఈ పెట్టె తెరవరాదు.' కింద రంగనాథం సంతకం. దుమ్ము పడకుండా ఒక గుడ్డ తొడుగు ఇప్పించమనీ, మిషన్ చూసే పనికి తన పేరు రాయమనీ ఆమె మూడు అర్జీలు పెట్టుకుంది. వాటికి వచ్చిన జవాబు ఆ కాగితమే.

ఆమె పేరు కాగితాల్లో ఆపరేటర్ కాదు. కాంట్రాక్టు మనుషుల జాబితాలో రూతు ఊడ్చేవాళ్ల వరసలో ఉంది.

రంగనాథం కిటికీ బయటికి చూపించాడు. అరవై లారీలు, నిండా బొగ్గుతో. అటూ ఇటూ పోలీసులు.

"ఐదింటికల్లా ఇవన్నీ గేటు దాటాలి. ఆ తర్వాత పోలీసులకు ఇంకో చోట డ్యూటీ. వాళ్లు లేకుండా ఒక్క బండి కూడా ఆ జనాన్ని దాటదు." గొంతు తగ్గించాడు. "ఇవాళ ఈ పని కానివ్వు. నీ పేరు ఆపరేటర్ల జాబితాలో నేను రాయిస్తాను. నా మాట."

నాలుగేళ్లు ఆ మాట కోసమే ఎదురుచూసింది. ఇవాళ వచ్చింది. రూతు తలూపి మిషన్ స్విచ్ వేసింది.

నల్లటి తెర మీద మూలన తెల్ల అంకె మెరిసి మాయమైంది. రోజూ కనబడే అంకెలో సగం. రెండో పలక అందలేదు.

ఆమె కీబోర్డు మీది బొగ్గు పొడి దులిపి, చీటీల కాగితం ఎక్కించింది.

*

తూకం చీటీ లేని లారీకి గని గేటు తెరుచుకోదు, కరెంటు ప్లాంటు గేటూ తెరుచుకోదు. దొంగ చీటీల మీద బొగ్గు తరలిపోయిన ఏడాది నుంచి చేతిరాత చెల్లదు. కాబట్టి సమ్మెను దాటి బొగ్గు పోవాలంటే దారి ఒక్కటే. ఈ గది, ఈ మిషన్, ఈ పది వేళ్లు.

ఆ సంగతి గేటు ముందు కూర్చున్నవాళ్లకు కూడా తెలుసు. పొద్దున ఆమె ఆ గుంపు మధ్య నుంచే నడిచి వచ్చింది. రోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి. దాని మీద పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది. గరిటె పట్టుకున్న సోమక్క పక్కింటి మనిషే. లోపలికి పోతున్న రూతును చూసి గొంతెత్తింది.

"పో బిడ్డా, పో! నీ మొగడు రోడ్డు మీద బొర్లుతుంటడు, నువ్వు లారీలకు తొవ్వ సూపెట్టు. ఇంట్ల మంచి జోడు కుదిరిందే!"

అందరూ నవ్వారు. టార్పాలిన్ మీద కూర్చున్న నగేష్ నవ్వలేదు. పెళ్లాం వైపు చూడనూ లేదు. గనిలో బదిలీ కార్మికుడు అతను, రానివాళ్ల బదులు పనిలోకి దిగే మనిషి. సమ్మెలో మొదటి రోజు నుంచి అక్కడే ఉన్నాడు. రాత్రి రూతు అతనికి చెప్పింది, డ్యూటీకి రాకపోతే తీసేస్తమన్నరని. అతను గోడకు తిరిగి పడుకున్నాడు.

*

మొదటి లారీ కాటా ఇనుప పలక మీదికెక్కింది. కిటికీలోంచి డ్రైవర్ తల బయటికి పెట్టాడు.

"అక్కా, నా పేరు వాల్యా. మానుకోట కాడ మా తండా. పొద్దుగాల ఓనరు లేపి బండెక్కిచ్చిండు. ఏడికని గూడ చెప్పలె." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నా బండిని ఆఖర్ల పెట్టరాదు? మా తండోళ్లకు తెలిస్తే నన్ను ఊళ్లకు రానియ్యరు."

"లైను నా చేతుల లేదు తమ్మీ."

"మరి నీ చేతుల ఏమున్నది?"

రూతు చీటీ చింపి అతనికిచ్చింది. "గిదొక్కటే."

రెండు, మూడు, నాలుగు. చీటీలు చకచకా వచ్చాయి. రంగనాథం మీసాల్లో నవ్వుకున్నాడు. పదో లారీ కాటా మీద ఉండగా తెర బిగుసుకుపోయింది. మధ్యలో బూడిద రంగు పెట్టె, అందులో ఎర్ర గుర్తు. మెమరీ చాలదు.

"ఏమైంది?"

"ఆగింది సార్."

"మళ్లీ వెయ్యి!"

వేసింది. కానీ పని మధ్యలో ఆగిన ప్రతిసారీ ఆ మిషన్ ఏడాది పొడుగునా తూచిన లారీలన్నిటినీ మొదటి నుంచి సరిచూసుకుంటుంది. దానికి ముప్పావు గంట. లేచాక మూడు లారీలు తూచి మళ్లీ ఆగింది. మూలనున్న అంకెను రూతు ప్రతిసారీ చూసింది. సగమే.

మధ్యాహ్నం ఇంజినీర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన బ్యాగు, మర్యాద తెలిసిన మనిషి. పోలీసుల వెనక దాక్కుని రావలసి వచ్చినందుకు కాస్త చిరాగ్గా ఉన్నాడు. ఆమె కుర్చీలో కూర్చుని పాత ఫైళ్లు చెరిపాడు. వైరస్ వెతికాడు. తెర వెనక నడిచేవన్నీ ఒక్కొక్కటే ఆపాడు. మిషన్ రెండు లారీలు తూచింది. మళ్లీ ఎర్ర గుర్తు.

"ఇందులో ర్యామ్ ఎంత వేశారండీ?"

"నాకేమెరుక సార్. పెట్టెల ఏమున్నదో సూడొద్దని కాయితం అంటిచ్చిండ్రు."

ఇంజినీర్ నవ్వాడు. "నాకేమెరుక! సినిమాలో కామెడీ డైలాగులా ఉందండీ మీ మాట."

"నవ్వుకోండ్రి సార్. మిషను మాత్రం నవ్వుతలేదు."

అతని నవ్వు ఆగింది. ఆలోచిస్తూ చేతికందిన వస్తువు తీసుకున్నాడు. రబ్బరు ముక్క. వేళ్ల మధ్య తిప్పాడు. నల్లబడిన వైపు చూశాడు. బొటనవేలితో గీకాడు.

రూతు ఆ వేళ్ల వైపే చూసింది. కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఒక్క క్షణం ఎక్కువ చూస్తే చాలు.

"ఇదెవరిదండీ?"

"మా పాపది."

"ఏం చదువుతోంది?"

"ఏడో తరగతి."

"బాగా చదివించండి," అంటూ రబ్బరును బల్ల మీద పెట్టేశాడు.

మూడున్నరకు అతను పెట్టె విప్పాడు. ఒక పలక ఊడదీసి వెలుగులో పెట్టి చూశాడు. బంగారు గీతలు కంటికి శుభ్రంగానే ఉన్నాయి. ఊదాడు, తిరిగి గుచ్చాడు. రెండోదీ అంతే. స్విచ్ వేశాడు. అంకె సగమే. "ఒక పలక చచ్చిపోయిందండీ. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి" అన్నాడు.

బయట హారన్లు. గేటు అవతలి నుంచి నినాదాలు. జీపుకు ఆనుకున్న ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంటున్నాడు.

రంగనాథం గదిలో అటూ ఇటూ తిరుగుతూ తిరుగుతూ ఆగాడు. బల్ల వైపు, రూతు వైపు చూశాడు.

"పొద్దున పెట్టె విప్పి ఏం చేస్తున్నావు నువ్వు?"

"మీరు ముయ్యమన్నరు సార్. మూసిన."

"రోజూ విప్పుతావు. రోజూ నడుస్తుంది. ఇవాళ విప్పలేదు, నడవట్లేదు." ఆయన ముఖం నెమ్మదిగా ఎర్రబడింది. "ఏదో చేస్తావు నువ్వు. చెయ్. ఇప్పుడే!"

రూతు లేచి నిలబడింది. పెద్ద మనిషేం కాదు. ఆయన భుజం దాకా వస్తుందంతే. వేళ్ల సందుల్లో సబ్బుకు పోని నలుపు.

"పెట్టె తెరుసుడు నా పని కాదని మీరే రాసిండ్రు. కింద మీ సంతకమే ఉన్నది."

"ఆ కాగితం నేనే చించేస్తాను! నీ పేరు ఇప్పుడే రాస్తాను, ఈ టేబుల్ మీదే, నీ కళ్ల ముందే. ఆపరేటర్ అని!"

"నాలుగేండ్ల సంది నన్ను ఊడ్చేటోళ్ల వరసల పెట్టిండ్రు. ఊడ్చేదానికి గీ మిషను సంగతి ఎట్ల తెలుస్తది సార్?"

ఇంజినీర్ తల తిప్పి చూశాడు. ఆమె మొహంలో ఏం కనబడిందో, చటుక్కున బ్యాగు జిప్పు లాక్కోవడంలో పడ్డాడు.

"రూతూ," రంగనాథం పళ్ల మధ్య నుంచి అన్నాడు. "బాగా ఆలోచించుకో. రేపటి నుంచి నువ్వు ఉండవు."

"చీటీ కొట్టమన్నరు. మిషను నడిచినంతసేపు కొట్టిన. గంతకంటె చెయ్య. ఇయ్యాల మాత్రం చెయ్య."

ఐదు కొట్టింది. ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాకా వచ్చి చేతులు తిప్పి చూపించి వెళ్లిపోయాడు. పద్నాలుగు లారీలు పోయాయి. నలభై ఆరు, ఒకటి తర్వాత ఒకటి, వెనక్కి తిరిగి బొగ్గును మళ్లీ యార్డులో కుమ్మరించడానికి వెళ్లాయి.

రూతు టిఫిన్ డబ్బా తీసుకుంది. కుర్చీ మీద పాత చీరతో కుట్టుకున్న మెత్త తీసుకుంది. క్యాలెండర్ వెనక దోపిన మందుల చీటీ, బొట్టు లేని మొహం చూసుకునే చిన్న అద్దం, కూరగాయల కత్తి. సంచి నిండింది. బల్ల మీద ఒక వస్తువు మిగిలింది. దాని మీద చెయ్యి వేసింది. ఒక్క క్షణం. చెయ్యి తీసేసింది.

*

గేటు దగ్గర పొయ్యి ఆరిపోయింది. సోమక్క గిన్నె తోముతోంది.

"అయ్యిందా డ్యూటీ, దొరసానీ?"

"అయ్యింది."

"మల్ల రేపు ఎన్నింటికి?"

"రేపు లేదక్కా. తీసేసిండ్రు."

సోమక్క చేతిలో బూడిద పీచు ఆగింది. బొగ్గుతోనే వెనక్కి పోతున్న లారీల దుమ్ము యార్డు మీద లేస్తోంది. సోమక్క ఆ దుమ్మును చూసింది. రూతు చేతులను చూసింది. అడుగున మిగిలిన అన్నం విస్తరిలో పెట్టి ముందుకు జరిపింది.

టార్పాలిన్ మీద నగేష్ ఇటు తిరిగాడు. కొంచెం పక్కకు జరిగాడు. రూతు ఆ జాగాలో కూర్చుని అన్నం కలిపింది.

కాటా గదిలో రంగనాథం ఇంకా ఫోన్‌లో కేకలు వేస్తూనే ఉన్నాడు. ఆయన మోచేతికి జానెడు దూరంలో, ఒక వైపు బొగ్గులా నల్లబడి, నాలుగేళ్ల రాపిడికి మధ్యలో పల్లం పడి, రెండో వైపు ఒక పాప బాల్‌పెన్‌తో రాసుకున్న పేరుతో, రబ్బరు ముక్క బల్ల మీద ఉంది.