పేరు వినని గుల్మం

టప్. టప్. టప్.

మొదట విన్నది అదే. వెలుగంటే ఏమిటో ఎరగని దినాల్లో, నా మట్టి కప్పును తొలకరి చినుకు తట్టిన చప్పుడు.

నేను ఒక గుల్మాన్ని. కలప లేని మెత్తని కాండంతో, వానకు లేచి వేసవికి మడిసే చిన్న మొక్కను. అల్లమూ పసుపూ నాకు దాయాదులు. పాడేరు కొండల్లో, వాగు తుంపర పడే రాతి వాలు మీద, జానెడు మట్టిలో నా దుంప ఉండేది. మరెక్కడా మాకు మనుగడ లేదు. అడవి పసుపు ఆకు తొడిగాక పూస్తుంది. నేను ముందే పూస్తాను: ఆకు నీడైనా లేకుండా, నేలను ఆనుకొని, ఒక్క తెల్లని పువ్వు. పది రోజులకు అది ఎండిపోయి ఆకులు లేచాయంటే, నన్నూ అడవి పసుపునూ వేరు చేసి చూపగలిగిన మనిషి ఆ కొండ మీద ఒక్కతే. ఆమె కిల్లో బుద్రి, పసరు వైద్యం తెలిసినది.

ఒక శ్రావణంలో నీరజాక్షి అనే పరిశోధక విద్యార్థిని ఆమె వెంట వచ్చింది. నన్ను దుంపతో సహా పెకలించి, నోటుపుస్తకం తెరిచింది.

“అక్కా, దీన్ని మీరేమంటారు?”

“దాని ముందర సెప్పకూడదమ్మా. పేరు ఇన్న మొక్కకి గుణం దిగిపోద్ది. ఇది లేని సోట అడుగు, సెప్తాను.”

నీరజాక్షి నన్ను పాత పత్రికల నడుమ పరిచి, రెండు చెక్కల మధ్య బిగించి, వీపున వేసుకుంది. వాగు దాటాక మళ్లీ అడిగింది. బుద్రి గడ్డంతో ఆమె వీపు వైపు చూపింది. “ఇంటాది.” అరుగు మీద అంబలి తాగుతూ నీరజాక్షి ఇంకోసారి అడిగింది, అప్పుడు నేను తన ఒళ్లోనే ఉన్నాను. తడి తగిలి బూజు పడతానన్న భయంతో ఆ పిల్ల నన్ను క్షణమైనా వదల్లేదు.

“సంటిపిల్లనైనా ఇలాగ మొయ్యరే తల్లీ,” అని బుద్రి నవ్వింది.

అంతలో బస్సు వచ్చింది. మనుషులు దేన్ని మరీ జాగ్రత్తగా పట్టుకుంటారో, దాని గురించి తెలుసుకోవలసింది మాత్రం జారవిడుస్తారు.

విశ్వవిద్యాలయంలో నన్ను ఎండబెట్టి, మందపాటి కాగితానికి దారంతో కుట్టారు. మూలన చీటీ అంటించారు. కుటుంబం, ప్రజాతి, కొండ, తేదీ రాశారు. స్థానిక నామం ఉండవలసిన చోట ఒక చిన్న గీత గీశారు. ఆకులు చూసి నీరజాక్షి నన్ను అడవి పసుపుల దొంతరలో చేర్చింది.

ఇనుప బీరువా. కలరా ఉండల వాసన. నా మీద నలభై కాగితాలు, కింద అరవై. అందరూ ఒకే జాతి, ఒకరికొకరు అయినవాళ్లు. వారి నడుమ, వారి పేరుతోనే, వారిలో ఎవరికీ ఏమీ కాకుండా పద్దెనిమిది వానకాలాలు గడిపాను. వానలని ఊహించుకున్నాను, అంతే. ఆ బీరువాలోకి చప్పుడు రాదు.

ఒక వేసవి ఉదయం తలుపు తెరుచుకుంది. నీరజాక్షికి జుట్టు నెరిసింది. ఆ రాతి వాలు మీద క్వారీకి దరఖాస్తు పడిందట. భూతద్దంతో ఒక్కొక్క కాగితమే చూస్తూ నా దగ్గర ఆగింది. ఆకుల మొదట్లో, వాటికంటే ముందే ఎండిపోయిన పువ్వు తొడిమ.

“తప్పు నాదే,” అంది మెల్లగా.

సోమవారం గ్రామసభ. ఊరి జీవవైవిధ్య రిజిస్టరులో నా జాతి చేరాలంటే, గుర్తుపట్టిన మనిషే పేరు చెప్పాలి. వేసవిలో కొండ మీద చూపడానికి మొక్క లేదు. దుంపలన్నీ మట్టి కింద నిద్రలో ఉన్నాయి. ఉన్నది నేనొక్కదాన్నే. అందుకని బుద్రినే జీపులో నా బీరువా దగ్గరికి తీసుకొచ్చారు.

“ఇదేనా నువ్వు మోసుకెల్లింది? ఎంత సిక్కిపోనాది,” అంది బుద్రి, నా మీదికి వంగి.

“పేరు లేకపోతే ఆ వాలంతా అడవి పసుపే అని రాసేస్తారక్కా. ఆ తరవాత రాయి పగలగొడతారు. కావాలంటే దీన్ని పక్క గదిలో పెట్టి వస్తాను.”

“ఇప్పుడా తోచింది నీకు?” బుద్రి నవ్వలేదు. ఒక ఆకును వేలి కొసతో తాకి చూసింది. “ఒద్దు, ఉండనీ. బతికున్నదాని ముందరే అనకూడదు. ఇది సచ్చిపోనాది గదా. సచ్చినోలని పేరెట్టి పిలవాల. లేకపోతే ఆలకి దారి తెలీదు.”

నేను చనిపోయానని అంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు.

నీరజాక్షి కలం మూత తీసింది. బుద్రి ఇంకా వంగింది. ఆమె ఊపిరి తగిలి నా అంచు కొద్దిగా కదిలింది. పొద్దుపోయినా ఇల్లు చేరని పిల్లను వాకిట్లో నిలబడి పిలిచినట్టు, గొంతు ఎత్తి పిలిచింది:

“నేలసుక్కా.”