ఓవర్‌టైమ్‌లో ఐరన్ లెగ్

మా ఇంట్లో బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడటానికి కొన్ని నియమాలున్నాయి. మావయ్య ఒకప్పుడు మా ఊరి జట్టు గెలిచిన రోజు వేసుకున్న గళ్ళ చొక్కానే వేసుకోవాలి, దాన్ని ఉతక్కూడదు. అత్తయ్య కుట్టుమిషను ముందు కూర్చుని, దారం ఎక్కించకుండా ఉత్త మిషనే తొక్కుతూ ఉండాలి. మా ఆయన ఎడమకాలి మీద కుడికాలు వేసుకున్నారంటే ఆట అయ్యేదాకా దించకూడదు, తిమ్మిరెక్కి చచ్చుబడినా సరే. నేను చేయాల్సింది మాత్రం ఒక్కటే. ఆ గదిలో ఉండకూడదు.

నా పెళ్ళయిన వారానికే మా ఊరి జట్టు ఫైనల్లో చిత్తుగా ఓడింది. కొత్తకోడలినని అందరి మధ్యా కూర్చోబెట్టి మరీ చూపించారు ఆ మ్యాచ్. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బంతి వేయలేకపోయిన వాళ్ళని వదిలేసి నా కాలిని ఆడిపోసుకున్నారు. అప్పటి నుంచి నేను ఐరన్ లెగ్‌ని. కింద మా టైలరు షాపులో టీవీ మోగుతుంటే, నేను పైన కుట్టిన బట్టలు ఇస్త్రీ చేస్తూ నేల గుండా వచ్చే చప్పుళ్ళని బట్టి ఆట పోల్చుకునేదాన్ని. దూరం నుంచి వేసిన బంతి పడితే అత్తయ్య మిషను పరుగందుకునేది. ఫౌల్‌కి బదులుగా వచ్చే ఫ్రీత్రో అయితే ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. ఆ జట్టంటే నాకెంత పిచ్చో నా ఇస్త్రీపెట్టెకే తెలుసు. ఎన్ని కాలర్లు మాడాయో అడగకండి.

సరే, నన్నంటే పడ్డాను. కిందటి మ్యాచ్‌లో మా పిల్ల మంచినీళ్ళ కోసం షాపులోకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే అవతలి వాళ్ళు వరసగా రెండు బాస్కెట్లు వేశారు.

"పిట్టా, నువ్వు పైకి పోవే తల్లీ. అమ్మ కాలే వచ్చినట్టుంది నీకూ" అన్నాడట మావయ్య నవ్వుతూ.

పిట్ట పైకి వచ్చి నా పక్కన కూర్చుని చాలాసేపు తన పాదాల వంక చూసుకుంది. రోజూ సాయంత్రం సందులో గోడకేసి బంతి కొట్టుకునే పిల్ల, ఆ పూట బంతి ముట్టుకోలేదు.

"అమ్మా, నేను ఆడితే నా జట్టు కూడా ఓడిపోతుందా?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ పేరు నాతోనే ఆగాలి. నా బిడ్డ కాలికి చుట్టుకోవడానికి వీల్లేదు.

సెమీఫైనల్ ఆదివారం మధ్యాహ్నం పడింది. ఆట మొదలవగానే ఇస్త్రీపెట్టె ఆపేసి, ఒక చేత్తో స్టూలు, ఇంకో చేత్తో పిట్టని పట్టుకుని కిందికి దిగాను. సరిగ్గా టీవీకి ఎదురుగా స్టూలు వేసి కూర్చున్నాను. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. అత్తయ్య మిషను టక్కున ఆగింది.

"ఏంటమ్మాయ్, ఏమైనా కావాలా?" అన్నాడు మావయ్య.

"మ్యాచ్ కావాలి మావయ్యా."

"ఇవాళొద్దమ్మా. ఫైనల్‌కి వెళ్ళే ఆట."

"అందుకే వచ్చాను."

ఆయన కొడుకు వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశారు. నా మొహంలో ఏం కనబడిందో కానీ గబుక్కున టీవీ వైపు తిరిగిపోయారు. కాలు మాత్రం దించలేదు.

ఇన్నేళ్ళూ చెవులతో చూసిన ఆటని కళ్ళతో చూస్తుంటే నాకు మతిపోయింది. మేం బక్కోడని పిలుచుకునే కుర్రాడు అంత బక్కగా ఉంటాడని నిజంగా అనుకోలేదు. నాలుగో క్వార్టర్ చివర్లో మా వాళ్ళు ఒక్క పాయింటు వెనకబడి ఉండగా బక్కోడికి రెండు ఫ్రీత్రోలు వచ్చాయి. మొదటిది పడింది, స్కోరు సమమైంది. రెండోది పడితే గెలుపే. అది రింగుకి తగిలి బయటికి పోయింది. ఆట అదనపు సమయానికి, అంటే ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది.

గదిలో అందరూ నా కాళ్ళ వంకే చూశారు.

"చూశావా?" అన్నాడు మావయ్య. "ఓవర్‌టైమ్‌కైనా పైకి వెళ్ళమ్మా. కావాలంటే తర్వాత రీప్లే చూద్దువు గాని."

"పాచిపోయింది నాకొద్దు. వేడిది కావాలి."

పిట్ట ఒళ్ళోంచి లేవబోయింది. భుజాలు పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాను. పైకి డాంబికాలు పోయాను కానీ, ఓడిపోతే ఈ పిల్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఓవర్‌టైమ్‌లో మా పొడుగోడు ఐదో ఫౌల్ చేసి, ఇక ఆడే వీల్లేక బెంచీ ఎక్కాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. చివరికి రెండు పాయింట్లు వెనకబడ్డాం. బంతి బక్కోడి చేతిలో ఉంది, టైం అయిపోవస్తోంది. ఇద్దరు మీదపడుతుంటే వాడు వెనక్కి వంగి, మూడు పాయింట్ల గీతకి అవతల నుంచి విసిరాడు. టైం అయిపోయినట్టు బజరు మోగింది. బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగింది, ఆలోచించింది, లోపల పడింది.

నా గొంతులోంచి అంత కేక వస్తుందని నాకే తెలియదు. మా ఆయన ఎగిరి లేవబోయి, తిమ్మిరెక్కిన కాలు సహకరించక బట్టలగుట్టలో బోర్లాపడ్డారు. అంతలో రిఫరీలు చేతులెత్తారు. బజరుకి ముందే బంతి చెయ్యి దాటిందో లేదో వీడియోలో చూస్తారట.

మావయ్య రెండు చేతులూ జోడించాడు. "నీకు దణ్ణం పెడతానమ్మా. వాళ్ళు చూసే ఈ కాసేపైనా బయట నిలబడు."

"మావయ్యా, వాళ్ళు చూసేది అయిపోయిన ఆట. జరిగిపోయినదాన్ని నా కాలు ఎలా మారుస్తుంది?"

ఆయన జోడించిన చేతులు దించేశాడు. అత్తయ్య మిషను వెనక నుంచి కిసుక్కున నవ్వింది. ఈ ఇంట్లో ఆవిడ నా పక్షాన నవ్వడం అదే మొదలు.

రిఫరీ బాస్కెట్ ఇచ్చాడు. గెలిచాం. పిట్టని గాల్లోకి ఎగరేశాను, ఏడ్చాను, మా ఆయన్ని బట్టల్లోంచి లాగాను. మావయ్య వచ్చి నా స్టూలు చుట్టూ మార్కింగ్ సుద్దతో గీత గీశాడు.

"దీన్ని ఎవరూ కదపొద్దు. కోడలు ఫైనల్‌కి ఇక్కడే కూర్చోవాలి. నీది బంగారు కాలు తల్లీ!"

అక్కడికక్కడే తడిగుడ్డ తెచ్చి ఆ గీత తుడిచేశాను.

"బంగారమూ వద్దు, ఇనుమూ వద్దు మావయ్యా. గెలిచింది బక్కోడి చెయ్యి. ఫైనల్ నాకు నచ్చిన చోట కూర్చుని చూస్తాను. ఓడినా సరే, లేవను."

ఓడనే ఓడాం. ఫైనల్లో అవతలి వాళ్ళు మమ్మల్ని ఉతికి ఆరేశారు. నేనూ పిట్టా కిటికీ పక్కన చాప వేసుకుని కూర్చున్నాం. ఆఖరి బజరు మోగాక మావయ్య తల మెల్లగా మా వైపు తిరిగింది. నేను ఆయన కళ్ళలోకే చూశాను.

"ఆ రిఫరీకి కళ్ళు దొబ్బాయి" అన్నాడాయన చివరికి.

"నాకూ అలాగే అనిపించింది తాతయ్యా" అంది పిట్ట, రెండు కాళ్ళూ టీవీ వైపు బారజాపుకుని.