సోమవారం లాన్సింగ్‌లో ఓటు

ఫోన్ మోగేసరికి వెర్నా క్యాబేజీ తరుగుతోంది. చేతులు తుడుచుకుని ఎత్తింది.

"మీ వరండాలో నీలం కుర్చీ ఉంది కదూ," అన్నాడొక మగమనిషి, తీరిగ్గా. "సోమవారం లాన్సింగ్ వెళ్తే మా మనిషికి ఓటెయ్యి. లేదా ఇంట్లోనే కూర్చో. మేం చూస్తుంటాం."

పెట్టేశాడు.

వెర్నా రిటైరయ్యేదాకా సాగినాలో స్కూలు బస్సు నడిపింది. పార్టీకోసం ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగినందుకు ఈసారి ఆమెను ఎలక్టర్‌గా పెట్టారు. నవంబరులో జనం ఓట్లేశారు, మిషిగన్‌లో ఆమె పార్టీ అభ్యర్థే గెలిచాడు. అయినా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే అసలు ఓటు రాష్ట్రం తరఫున ఎలక్టర్లే రాజధాని లాన్సింగ్‌కి వెళ్లి వెయ్యాలి. మామూలుగా అయితే ఓటేసి, ఫొటో దిగి వచ్చేసే పని. ఈ ఏడు మాత్రం ఎవరో ఎలక్టర్ల అడ్రసులూ ఫోన్ నంబర్లూ ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఓడినవాళ్ల తరఫున బెదిరింపులు మొదలయ్యాయి.

"ఎవరక్కా?" సోఫాలోంచి అడిగాడు తమ్ముడు నార్బర్ట్.

"రాంగ్ నంబరు."

"రోజూ రాంగ్ నంబరేనా? వెళ్లకే. నువ్వొక్కదానివి పోకపోతే దేశం ఆగిపోతుందా?"

ఆమె తోటి ఎలక్టర్ డ్వేన్‌కి ఫోన్ చేసింది. భారీ మనిషి, ఇనుము పోతపోసే ఫౌండ్రీలో కార్మికుల యూనియన్ నడిపినవాడు. "నాకూ వస్తున్నాయి. మా కుక్కతో మాట్లాడుకోమన్నా వెధవల్ని," అని పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు విన్నాకే ఆమెకి నిద్రపట్టింది.

సోమవారం దారిలో ఒకచోట కారు వెనక్కి తిప్పేసింది. కొంత దూరం ఇంటివైపు వచ్చి, రోడ్డు పక్కన ఆపి, స్టీరింగు మీద తల ఆనించి కూర్చుంది. మళ్లీ తిప్పుకుని వెళ్లింది.

శాసనసభ మెట్ల మీద తుపాకులు తగిలించుకున్న మగవాళ్లు నిలబడి ఉన్నారు. పోలీసొకతను ఆమెను పక్క తలుపులోంచి లోపలికి తీసుకెళ్లాడు. డ్వేన్ కుర్చీ ఖాళీగా ఉంది.

"ఫోన్ తియ్యట్లేదు," అన్నారెవరో.

వెర్నా తలుపు వైపు చూసింది. అతన్నేం చేశారో? రాకపోతే మరొకర్ని పెట్టుకోవచ్చన్న నిబంధన ప్రకారం మిగతావాళ్లు ఒక లాయరుని అతని చోట ఎన్నుకున్నారు. బయటి కేకలు కిటికీలోంచి వినిపిస్తూనే ఉన్నాయి. తన వంతు వచ్చాక తన పార్టీ అభ్యర్థికే ఓటేసి, సంతకం పెట్టింది.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. ఫోన్ మోగింది. ఎత్తలేదు. మళ్లీ మోగితే ఎత్తింది.

"నేనే, డ్వేన్‌ని."

"బతికే ఉన్నావా," అంది, గోడకి ఆనుకుని.

"టై కట్టుకున్నా. కారు దాకా వచ్చా. ఇంట్లో మనవరాలు కార్టూన్లు చూస్తోంది... ఇక కారెక్కలేదు, వెర్నా. కోపంగా ఉందా?"

"ఉండేది. కానీ నేనూ సగం దారిలో వెనక్కి తిరిగానులే."

అప్పుడే కిటికీ మీద వెలుతురు పడింది. ఒక బండి నెమ్మదిగా వచ్చి ఇంటి ముందు ఆగింది. ఎవరూ దిగలేదు. ఆమె దీపం ఆర్పేసి, నార్బర్ట్‌ని కిటికీ దగ్గరికి రావద్దని చేత్తో సైగ చేసింది.

"డ్వేన్, పెట్టెయ్యకు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

ఏమైందని అతను అడగలేదు. ఈ ఏడు సరస్సు ఇంకా సరిగా గడ్డకట్టలేదని, మంచుగడ్డ మీద చేపలు పట్టబోయినవాడొకడు నడుందాకా మునిగాడని చెప్పుకుపోయాడు. ఆమె ఊఁ కొడుతూ బండినే చూస్తోంది. చాలాసేపటికి అది కదిలి, మలుపు తిరిగింది. ఎవరిదో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు.

"ఇంకా ఉన్నావా?" అన్నాడు డ్వేన్.

"ఉన్నా. చెప్పు."