నాలుగో ఏడాది బరువు

ఆస్పత్రిలో ఇరవై రెండేళ్లుగా ఆయాగా చేస్తున్న ఆవిడకి నలభై ఆరో ఏట నర్సు చదువు మీద మనసు పుట్టింది. కోరికలు పుట్టినట్టే పుట్టి పోవడం ఆవిడకి అలవాటే. ఇది మాత్రం పోలేదు. దరఖాస్తు నింపింది, ఫోటో అంటించింది. ఒక్క గడి మిగిలింది. హైస్కూలు నాలుగేళ్లకీ కలిపి జీపీఏ, అంటే గ్రేడు పాయింట్ల సగటు, ఎంత? మూడుకి తగ్గితే దరఖాస్తు చెత్తబుట్టకే. గడువు ఆ సాయంత్రం అయిదింటికి.

అందుకే డ్యూటీ దిగి, తాను చదివిన స్కూలుకే వచ్చింది. రికార్డుల గది గుమస్తాకి కంప్యూటరంటే గిట్టదు, అందులోకి ఎక్కని పాత బ్యాచీలంటే ప్రాణం. నిచ్చెనెక్కి, రెండుసార్లు తుమ్మి, లావుపాటి రిజిస్టరు ఒకటి దించాడు.

"ఏ వస్తే నాలుగు పాయింట్లు, బీకి మూడు, సీకి రెండు. నేను చదువుతా, మీరు రాసుకోండి. మొదటి ఏడాది ఎనిమిది సబ్జెక్టులు. నాలుగు ఏలు, నాలుగు బీలు. సగటు మూడున్నర. పర్వాలేదే!"

ఆవిడ నవ్వింది. ఆ ఏడాది పక్క బెంచీ పిల్లా తనూ ఒక్క రబ్బరునే బ్లేడుతో రెండు ముక్కలు చేసుకుని పరీక్ష రాశారు. తన ముక్క చిన్నదని వారం రోజులు మాటల్లేవు. ఇప్పుడా పిల్ల ఎక్కడుందో తెలియదు గానీ, కనిపిస్తే ఆ మాట అనకుండా వదలదు.

రెండో ఏడాది మూడుంపావు. మూడో ఏడాది సరిగ్గా మూడు. సైన్సు గదిలో స్పిరిట్ వాసన, కిటికీ పక్క ఎండ, లెక్కల టీచరు సుద్దముక్క విసిరితే తప్పించుకునే విద్య, ఒక్కొక్కటే రిజిస్టరులోంచి లేచి వచ్చాయి. ఎంత బాగుండేవి ఆ రోజులు అనుకుంది. నిజంగానే బాగుండేవి.

గుమస్తా పేజీ తిప్పి ఆగాడు. "ఇదేంటమ్మా, నాలుగే ఉన్నాయి? పైగా అన్నీ సీలే."

"ఆ ఏడాది నాన్న మంచాన పడ్డాడండీ. పొద్దున పూటే బడికొచ్చేదాన్ని. మిగతా నాలుగూ వదిలేశాను."

నాన్న పోయేదాకా ఒకటే మాట, నా వల్ల నీ చదువు చెడిందే తల్లీ అని. పోనీలే నాన్నా అనేది ఆవిడ. కాదు నాన్నా అని ఏనాడూ అనలేదు. చెడిందనే తనూ నమ్మింది మరి.

గుమస్తా ఆవిడ రాసిన కాగితం తీసుకుని నాలుగు సగట్లూ కలిపాడు. నాలుగుతో భాగించాడు. కళ్లజోడు తీశాడు.

"రెండు పాయింట్ తొమ్మిది నాలుగమ్మా."

నోటిదాకా వచ్చిన కూడు జారిపోయినట్టయింది. ఆవిడకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. కాగితం లాక్కుని అంకెలకేసి గుడ్లురిమి చూసింది.

"సార్, మా దగ్గర ఎనిమిది మంచాల వార్డుంది, నాలుగు మంచాల వార్డుంది. రెంటికీ ఒకే క్యాను పాలు పంపుతామా?"

"పంపరు."

"మరి నాలుగు సబ్జెక్టుల ఏడాదిని ఎనిమిది సబ్జెక్టుల ఏడాదికి సమానం చేశారేం?"

ఆయన కాగితం మళ్లీ తన వైపు లాక్కున్నాడు. "అందరికీ ఏటా ఎనిమిదే ఉంటాయమ్మా. ఇన్నేళ్లూ ఇలాగే లెక్క కట్టాను, తేడా రాలేదు." మళ్లీ మొదలెట్టాడు. పాయింట్లన్నీ కలిపితే ఎనభై ఆరు. సబ్జెక్టులన్నీ కలిపితే ఇరవై ఎనిమిది. భాగించి, నమ్మకం కుదరక మళ్లీ భాగించాడు.

"మూడు పాయింట్ సున్నా ఏడు! తప్పు నాదేనమ్మా," అని ముద్ర తీసి గట్టిగా గుద్దాడు.

నాలుగున్నరైంది. దరఖాస్తు ఇవ్వాల్సిన ఆస్పత్రి ఆఫీసు రెండు వీధుల అవతలే. పరిగెత్తాల్సిన మనిషి మెట్ల దగ్గర ఆగిపోయి కాగితం మళ్లీ చూసుకుంది. ఆ నాలుగు సీలూ అందులోనే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. అవి ఉండగానే మూడు దాటింది. ఆ సగం ఏడాదికి లేని బరువు వేసి, గుమస్తా చేసిన తప్పే తనూ ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తూ వచ్చింది. ఆయన కాగితం మీద చేశాడు, తను నాన్న ఎదుట చేసింది.

"చెడలేదు నాన్నా," అంది పైకే. వినాల్సిన మనిషి లేడు. కళ్లు తుడుచుకుని, కాగితం నలగకుండా పట్టుకుని పరుగందుకుంది.